జాడ మిగలని బ్రౌజర్ కావాలా? ముందు ఎవరి కంట పడకూడదో తేల్చుకోండి

“సార్, ఏ బ్రౌజర్ వాడితే ఏమీ మిగలదు?” అనంతపురంలో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న అడుగుతారు. టోర్ అని ఒకడంటాడు, బ్రేవ్ చాలని ఇంకొకడు, ఇన్‌కాగ్నిటో ఉండగా ఇవన్నీ ఎందుకని మరొకడు. ఆ ముగ్గురికీ ఉన్నవి మూడు వేర్వేరు భయాలు. ఒకడికి హాస్టల్‌లో రూమ్మేట్ చూస్తాడని భయం. ఒకడికి ప్రకటనల కంపెనీలు వెంటపడటం నచ్చదు. ఇంకొకడు కాలేజీ వైఫైలో తను చూసేది ల్యాబ్ వాళ్లకు తెలుస్తుందేమోనని అడుగుతున్నాడు. ముగ్గురికీ ఒకే బ్రౌజర్ చెప్పి పంపితే ఇద్దరికి తప్పు సలహా ఇచ్చినట్టే.

ఏమీ మిగల్చని బ్రౌజర్ అంటూ లేదు. జాడలు మూడు చోట్ల పడతాయి. మొదటిది బ్రౌజర్ సొంత ఫైళ్లు, అంటే హిస్టరీ, కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి పెట్టే చిన్న ఫైళ్లు), క్యాష్ (చూసిన పేజీల నకళ్లు). రెండోది బ్రౌజర్ నడిచే మెషీన్. విండోస్ గానీ ఆండ్రాయిడ్ గానీ తన పని కోసం తాను రాసుకునేవి చాలా ఉంటాయి. మూడోది బయట: వైఫై రూటర్, నెట్ ఇచ్చే కంపెనీ, మీరు లాగిన్ అయిన అకౌంట్, మీరు చూసిన సైట్. బ్రౌజర్ మారిస్తే మొదటి చోట చాలా తేడా వస్తుంది. రెండో చోట కొంచెమే. మూడో చోట, మీ రాకపోకలను వేరే కంప్యూటర్ల గుండా తిప్పి పంపే టోర్ ఒక్కటే చెప్పుకోదగ్గ తేడా తెస్తుంది.

మామూలు బ్రౌజర్ ఏం రాస్తుంది

క్రోమ్ మీ ప్రొఫైల్ ఫోల్డర్‌లో ‘హిస్టరీ’ అన్న పేరుతోనే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంటే పట్టికలుగా రాసుకునే ఫైల్, ఉంచుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ ఫైల్ పేరు ‘ప్లేసెస్ డాట్ ఎస్‌క్యూలైట్’. ఏ చిరునామా చూశారు, పేజీ పేరేంటి, ఎన్నిసార్లు చూశారు, ఏ లింకు నొక్కి వచ్చారు, ఏ క్షణాన వచ్చారు, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఆ క్షణాన్ని క్రోమ్ 1601 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో లెక్కపెడుతుంది, ఫైర్‌ఫాక్స్ 1970 జనవరి 1 నుంచి. ‘డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే డిగ్రీ పిల్లలు కూడా ఒక్క క్లాసులో చదవడం నేర్చుకుంటారు.

చూసి, తర్వాత హిస్టరీ తుడిచేస్తే సరిపోదా? చాలామంది చేసేది అదే. తుడిచినా, విండోస్ అంతకుముందే తీసి పెట్టుకున్న రీస్టోర్ పాయింట్లో, అంటే వెనక్కి వెళ్లడానికి దాచుకున్న నకలులో, పాత ఫైల్ ఉండొచ్చు. నెట్ సెంటర్లలో ఇప్పటికీ తిరుగుతున్న పాత హార్డ్ డిస్కుల్లో, తుడిచిన ఫైల్ ముక్కలు వాటి మీద కొత్త డేటా పడేదాకా అలాగే ఉంటాయి. కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీలో, తుడిచిన చోటును ఖాళీ చేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఆ అవకాశం బాగా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, క్రోమ్‌లో జీమెయిల్‌తో లాగిన్ అయి సింక్ (అదే అకౌంట్ ఉన్న అన్ని మెషీన్లకూ హిస్టరీ పంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే హిస్టరీ ఈ ఒక్క మెషీన్లోనే ఉండదు. మన ఇళ్లలో నాన్న ఫోనూ, అమ్మ ఫోనూ, ఇంట్లో ట్యాబూ అన్నీ కొడుకు పెట్టిన ఒకే జీమెయిల్ మీద నడుస్తుంటాయి. ట్యాబులో వెతికింది నాన్న ఫోన్‌లో సూచనగా వచ్చి గొడవైన ఇళ్లు నాకు తెలుసు. అక్కడ బ్రౌజర్ మారిస్తే లాభం లేదు. ఎవరి అకౌంట్ వాళ్లకు విడదీయాలి.

అసలు రాయకపోవడం వేరు, రాసి తుడవడం వేరు. ప్రైవేట్ విండోలు మొదటి పని చేస్తాయి. వాటి విలువ అక్కడే ఉంది.

ఇన్‌కాగ్నిటో, ఇన్‌ప్రైవేట్, ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండో

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, ఎడ్జ్‌లో ఇన్‌ప్రైవేట్, ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవేట్ విండో: ఈ మూడింటినీ ఒకే గాటన కట్టొచ్చు. హిస్టరీని డిస్కు మీద రాయవు. కుకీలను ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో, ఉంచుకుని, చివరి ప్రైవేట్ విండో మూయగానే వదిలేస్తాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రోజుల్లో ఇన్‌ప్రైవేట్ జాడలు వెబ్‌క్యాష్ డేటాబేస్‌లో దొరికేవి. ఇప్పటి బ్రౌజర్లు ఆ విషయంలో చాలా మెరుగు. 2010లో స్టాన్‌ఫోర్డ్, కార్నెగీ మెలన్ పరిశోధకులు అప్పటి ప్రధాన బ్రౌజర్ల ప్రైవేట్ మోడ్‌లు పరీక్షించి, ఎక్స్‌టెన్షన్లు, ప్లగిన్లు (బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఈ రక్షణకు చిల్లు పెడుతున్నాయని చూపించారు. ఈ రోజుకీ అది పాటించదగ్గ హెచ్చరికే. ఏ ఎక్స్‌టెన్షన్‌కీ ‘ఇన్‌కాగ్నిటోలో అనుమతించు’ అన్న టిక్కు పెట్టకండి.

మరి ఏం మిగులుతుంది? మీరు పెట్టిన బుక్‌మార్క్ మిగులుతుంది. దించిన ఫైల్ మిగులుతుంది. ఈ రెండోది జనం అస్సలు పట్టించుకోరు. కర్నూలులో హాస్టల్ అమ్మాయి స్నేహితురాలి లాప్‌టాప్ తీసుకుని, ప్రైవేట్ విండోలో తన మెడికల్ రిపోర్ట్ పీడీఎఫ్ దించి, తెరిచి, చదివి, విండో మూసేసిందనుకోండి. ఫైల్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంది. గుర్తుపెట్టుకుని డిలీట్ చేసినా రీసైకిల్ బిన్‌లో ఉంది. అక్కడా తీసేసినా, దాన్ని బయటి పీడీఎఫ్ రీడర్‌లో తెరిచినందుకు విండోస్ ‘ఇటీవల తెరిచినవి’ జాబితాలో ఆ పేరుతో ఒక షార్ట్‌కట్ పెట్టుకుంటుంది. పీడీఎఫ్ రీడర్ కూడా తన జాబితాలో వేసుకుంటుంది. ఫైల్ పోయినా దాని పేరూ, అది ఉన్న చోటూ, తెరిచిన సమయమూ ఉంటాయి. ఫైల్ పేరులోనే రోగి పేరు, పరీక్ష పేరు ఉంటే ఇక చెప్పేదేముంది.

పైగా నెట్ నుంచి దిగిన ఫైల్‌కు విండోస్‌లో ‘జోన్ ఐడెంటిఫైయర్’ అనే చిన్న చీటీ అంటుకుంటుంది. మామూలు విండోలో దించితే ఏ చిరునామా నుంచి వచ్చిందో కూడా ఆ చీటీలో పడొచ్చు. ప్రైవేట్ విండోలో దించితే చిరునామా రాకపోవచ్చు కానీ, ఇది నెట్ నుంచి వచ్చింది అన్న గుర్తు మాత్రం ఉంటుంది.

కాబట్టి అరువు లాప్‌టాప్ మీద నా సలహా: ప్రైవేట్ విండోలోనే చూడండి, దించకండి. పీడీఎఫ్‌ను బ్రౌజర్లోనే తెరవనివ్వండి. ప్రింట్ కావాలంటే సొంత ఫోన్ నుంచి పంపించండి.

కరెంటు పోతే ఏమవుతుంది

విండోస్ రాసుకునేవాటిలో సామాన్యుడికి ఎక్కువ పనికొచ్చే సంగతి ఇది. మన ఊళ్లలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ప్రైవేట్ విండో తెరిచి ఉంది, కరెంటు పోయింది, మీరు లేచి వెళ్లారు, బ్యాటరీ అడుగంటింది. అప్పుడు చాలా లాప్‌టాప్‌లు వాటంతటవే హైబర్నేట్ అవుతాయి. అంటే ఆ క్షణాన ర్యామ్‌లో ఉన్నదంతా ‘హైబర్‌ఫిల్’ అనే ఫైల్‌గా డిస్కు మీదకు దిగుతుంది. ప్రైవేట్ విండోలోని పేజీలు, టైప్ చేసిన మాటలు కూడా అందులో ఉండొచ్చు. హైబర్నేట్ అవకపోయినా, ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొన్ని ముక్కలను ‘పేజ్‌ఫైల్’లోకి దించుతుంది. 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తున్న మెషీన్లలో అది నిత్యం జరిగేదే. బ్రౌజర్ ఎంత జాగ్రత్తపడినా ఈ రెండు ఫైళ్ల మీద దానికి పెత్తనం లేదు.

ఏ ప్రోగ్రామ్ నడిచింది అన్నదానికి విండోస్ దగ్గర ఇంకా ఎక్కువ లెక్కలు ఉంటాయి. ప్రీఫెచ్ ఫోల్డర్లో ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక ఫైల్ ఉంటుంది. విండోస్ 8 నుంచి అందులో చివరి 8 సార్లు ఎప్పుడెప్పుడు నడిపారో సమయాలు కూడా ఉంటున్నాయి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘యూజర్‌అసిస్ట్’ అనే చోట మీరు నొక్కి తెరిచిన ప్రోగ్రాముల పేర్లు, ఒక్కో అక్షరాన్ని 13 స్థానాలు జరిపి రాసి ఉంటాయి. ‘శ్రమ్’ అనే డేటాబేస్‌లో ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా దించింది, ఎంత పంపింది అన్నది కొన్ని వారాల పాటు ఉంటుంది. వీటిలో సైట్ల పేర్లు ఉండవు. ఫలానా రోజు రాత్రి ఫలానా బ్రౌజర్ నడిచింది, ఇంత డేటా లాగింది అన్నంతవరకే తెలుస్తుంది. రూమ్మేట్‌కు ఇవి పట్టవు. దర్యాప్తు చేసేవాడికి ఇవే ఆధారం.

అందువల్ల ఇంట్లోనో షాపులోనో ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుతుంటే నేను చెప్పే మొదటి మందు బ్రౌజర్ కాదు. విండోస్‌లో ఎవరికి వాళ్లకు వేరే యూజర్ అకౌంట్, దానికి పాస్‌వర్డ్, డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్. కడపలో బట్టల షాపు నడిపే ఒక మిత్రుడికి ఇదే చెప్పాను. బిల్లింగ్ కుర్రాళ్లు వాడే అకౌంట్ వేరు, యజమాని బ్యాంకు పనులు చూసుకునే అకౌంట్ వేరు. అరగంట పని. ఏ ప్రైవసీ బ్రౌజర్ ఇచ్చేదానికంటే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

బ్రేవ్ గురించి ఉన్న అపోహ

2016లో బ్రెండన్ ఐక్ బృందం తెచ్చిన బ్రేవ్ మంచి బ్రౌజరే. ట్రాకర్లను, ప్రకటనలను మొదటి నుంచే ఆపుతుంది, పేజీలు తేలిగ్గా తెరుచుకుంటాయి, డేటా ఆదా అవుతుంది. మైక్రోసాఫ్ట్ కొత్త కంప్యూటర్లలో స్క్రీన్ ఫొటోలు తీసుకునే రీకాల్ సదుపాయం పెడితే, బ్రేవ్ తన పేజీలు దానికి చిక్కకుండా 2025లో అడ్డు పెట్టింది. ప్రకటనల కంపెనీలే మీ బాధ అయితే కళ్లు మూసుకుని ఎంచుకోవచ్చు.

కానీ బ్రేవ్ మామూలు విండో క్రోమ్ లాగానే హిస్టరీ రాస్తుంది. క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే కట్టింది కాబట్టి అదే పేరుతో, అదే ఆకారంలో, తన ఫోల్డర్లో రాసుకుంటుంది. “బ్రేవ్ వాడుతున్నా కదా, ఎవురికీ కనపడదు సార్” అనే పిల్లాడి లాప్‌టాప్‌లో నెలల హిస్టరీ వరుసగా ఉంటుంది. ప్రకటనల కంపెనీ కంట పడకపోవడం, పక్కవాడి కంట పడకపోవడం రెండూ వేర్వేరు పనులు. బ్రేవ్ ప్రధానంగా మొదటి పనికి పుట్టింది.

2018 నుంచి బ్రేవ్ కంప్యూటర్ వెర్షన్లో ‘టోర్‌తో ప్రైవేట్ విండో’ కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో అందులో ఒక లోపం బయటపడింది. టోర్ లోపలే తెరుచుకునే ‘ఆనియన్’ సైట్ల చిరునామాలు టోర్ దారిన కాకుండా, సైట్ పేరు చెబితే దాని నంబర్ వెతికిచ్చే మామూలు డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లిపోతున్నాయి. అంటే ఎవరు ఏ ఆనియన్ సైట్‌కు పోతున్నారో నెట్ కంపెనీకి తెలిసే వీలు కలిగింది. వెంటనే సరిచేశారు. అజ్ఞాతంగా ఉండటం మీదే మీ క్షేమం ఆధారపడి ఉంటే టోర్ బ్రౌజర్ వాడమని బ్రేవ్ వాళ్లే చెబుతారు. నాదీ అదే మాట.

ముల్‌వాడ్ బ్రౌజర్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. ముల్‌వాడ్ 2023లో టోర్ ప్రాజెక్టుతో కలిసి చేసింది. టోర్ బ్రౌజర్‌లోంచి టోర్ నెట్‌వర్క్‌ను తీసేసినట్టుంటుంది. హిస్టరీ ఉంచదు, వేగం బాగుంటుంది, నెట్ కంపెనీకి మాత్రం అన్నిటిలాగే కనపడుతుంది. కంప్యూటర్ మీద రోజువారీ వాడకానికి ఎప్పుడూ ప్రైవేట్ మోడ్‌లోనే ఉండే బ్రౌజర్ కావాలనుకుంటే నా ఓటు దానికే.

ఫోన్ మీద లెక్క వేరు

మన జిల్లాల్లో చాలామందికి కంప్యూటర్ లేదు, ఉన్నదంతా ఫోనే. “ఫోన్ యాడ పెట్టి పోయినా ఎవురూ చూడగూడదు సార్” అని ఒక అమ్మాయి అడిగింది. ఆ అడగడంలో ఉన్న బాధ చిన్నది కాదు. ఇంట్లో ఆడపిల్లల ఫోన్ ఎవరైనా తీసి చూడొచ్చు అనుకునే అలవాటు ఇంకా పోలేదు.

ఫోన్లో ఫైర్‌ఫాక్స్ ఫోకస్ చాలా సరళం. చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఆ సెషన్ అంతా పోతుంది. డక్‌డక్‌గోలో మంట గుర్తున్న బటన్ నొక్కితే ట్యాబులు, కుకీలు పోతాయి. ‘ఫైర్‌ప్రూఫ్’ అని మీరు గుర్తుపెట్టిన సైట్లు మాత్రం ఉండిపోతాయి. డక్‌డక్‌గోలో యాప్ మూయగానే తనంతట తానే తుడిచేలా సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసుకోండి. రెండింట్లో నేను ఫోకస్‌నే చెబుతాను. ఎందుకంటే అందులో మరిచిపోయే అవకాశం తక్కువ.

అయితే అసలు జాడలు బ్రౌజర్ బయటే పడతాయి. ప్లే స్టోర్ నుంచి ఏ యాప్ దించినా ఆ అకౌంట్ జాబితాలో దాని పేరు పడుతుంది. యాప్ తీసేశాక కూడా ‘ఇన్‌స్టాల్ చేయనివి’ అన్న చోట కనపడుతుంది. అన్న పెట్టిన జీమెయిల్ మీద చెల్లెలు టోర్ బ్రౌజర్ దించుకుంటే అన్నకు కనపడేది ఆమె చూసిన సైట్ కాదు, టోర్ అన్న పేరు. ప్రశ్నలు మొదలవడానికి అది చాలు. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడారో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే అది ఫోన్‌లో డీఫాల్ట్ బ్రౌజర్ మామూలు ట్యాబులో తెరుచుకుంటుంది, అప్పుడు హిస్టరీ పడుతుంది. యూట్యూబ్ లింకు అయితే యూట్యూబ్ యాప్‌లో తెరుచుకుని, రేపటి నుంచి అలాంటి వీడియోలే పైకి వస్తాయి.

కాబట్టి ఉమ్మడి ఫోన్‌లో వింత పేరున్న కొత్త బ్రౌజర్ దించడం కంటే, ఉన్న క్రోమ్‌లోనే ఇన్‌కాగ్నిటో ట్యాబ్ వాడి మూసేయడం కొన్నిసార్లు మంచిది. కొత్తగా ఏ యాపూ కనపడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫోన్ అనుమతిస్తే ఆండ్రాయిడ్‌లో గెస్ట్ యూజర్‌గా వెళ్లడం ఇంకా మంచిది. గెస్ట్ సెషన్ తీసేస్తే అందులో చేసినదంతా దానితోనే పోతుంది.

ఇంట్లో హింస ఎదుర్కొంటున్న ఆడవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ ఫోన్‌లో ఎవరైనా నిఘా యాప్ పెట్టారని అనుమానం ఉంటే ఏ బ్రౌజరూ మిమ్మల్ని కాపాడదు. ఆ యాప్ బ్రౌజర్‌ను కాదు, స్క్రీన్‌నే చూస్తుంది. సహాయం వెతకాలంటే నమ్మకమైన స్నేహితురాలి ఫోనో, ఆఫీసు ఫోనో వాడండి. మహిళా హెల్ప్‌లైన్ 181 కు మాట్లాడటానికి బ్రౌజర్ అవసరమే లేదు. ఆ కాల్ కూడా మీ ఫోన్ నుంచి కాకుండా వేరే ఫోన్ నుంచి చేయండి.

నెట్ సెంటర్లో ఏది వాడినా

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరో, కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో నెట్ సెంటర్‌కు కౌన్సెలింగ్ ఆప్షన్ల కోసం, సర్టిఫికెట్ల కోసం వెళ్తాం. అక్కడ ప్రైవేట్ విండో మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడి నుంచి కాపాడుతుంది. సెంటర్ నుంచి కాపాడదు, కాపాడాలని ఆశించకూడదు కూడా. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వాడేవాళ్ల గుర్తింపు వివరాలు, చూసిన సైట్ల లాగ్ కనీసం ఏడాది పాటు ఉంచాల్సిన బాధ్యత నిర్వాహకులదే. అక్కడ మీ అసలు ప్రమాదం హిస్టరీ కాదు, డెస్క్‌టాప్ మీద మిగిలిపోయే ఆధార్ స్కాన్, మార్కుల మెమో, లాగౌట్ చేయని వాట్సాప్ వెబ్. లేచే ముందు ఫోన్‌లో వాట్సాప్ ‘లింక్డ్ డివైసెస్’ చూసి ఆ మెషీన్‌ను తీసేయండి. ఫైళ్లను డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం అక్కడ కొట్టకండి, ఏ బ్రౌజర్లోనైనా సరే.

టోర్: డిస్కు మీద తక్కువ, నెట్‌వర్క్ మీద గుర్తు

టోర్ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ దీర్ఘకాలిక వెర్షన్ మీద కట్టింది. ఎప్పుడూ ప్రైవేట్ మోడ్‌లోనే ఉంటుంది. డిస్కు మీద ఏమీ రాయకూడదన్నది దాని రూపకల్పన లక్ష్యాల్లోనే ఉంది. మీ రాకపోకలు మూడు రిలేల (మధ్యలో అందుకుని ముందుకు పంపే కంప్యూటర్ల) గుండా పోతాయి కాబట్టి మీరు చూసే సైట్‌కు మీ అసలు ఐపీ, అంటే నెట్‌లో మీ కనెక్షన్ నంబర్, తెలియదు, మీ నెట్ కంపెనీకి మీరు చూసే సైట్ తెలియదు. పోల్చిన బ్రౌజర్లలో ఇంత పని చేసేది ఇంకొకటి లేదు.

అయినా జాడలు ఉంటాయి. విండోస్‌లో అది మామూలుగా డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌గా దిగుతుంది. ఆ ఫోల్డర్‌లో ‘స్టేట్’ అనే చిన్న ఫైల్ ఉంటుంది. మొదటి మజిలీగా ఎంచుకున్న గార్డ్ రిలేల వివరాలు, తేదీలు అందులో ఉంటాయి. మీరు పెట్టిన బుక్‌మార్క్‌లు కూడా ఆ ఫోల్డర్‌లోనే. ఫోల్డర్ తీసేసినా ప్రీఫెచ్‌లో, యూజర్‌అసిస్ట్‌లో టోర్ నడిచిన గుర్తు ఉండిపోతుంది. ఏం చూశారో చెప్పదు, టోర్ నడిపారని చెబుతుంది.

నెట్‌వర్క్ వైపు కూడా అంతే. మీరు టోర్ రిలేకు కనెక్ట్ అయ్యారని ఏపీ ఫైబర్‌నెట్‌కో జియోకో కాలేజీ వైఫైకో తెలుస్తుంది. బ్రిడ్జిలు (బయటి జాబితాలో లేని రిలేలు) వాడితే ఆ గుర్తు పట్టడం కష్టమవుతుంది. 2013 డిసెంబర్‌లో అమెరికాలో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకోవడానికి టోర్ ద్వారా బాంబు బెదిరింపు మెయిళ్లు పంపాడు. టోర్‌ను ఎవరూ ఛేదించలేదు. మెయిళ్లు వచ్చిన సమయానికి ముందు యూనివర్సిటీ వైఫై నుంచి టోర్ వాడింది ఎవరని చూశారు, అతన్ని అడిగారు, ఒప్పుకున్నాడు. వందల మంది ఉన్న క్యాంపస్‌లో టోర్ వాడేది ఒకరిద్దరే అయితే, దాక్కోవడానికి తెచ్చిన పనిముట్టే వేలెత్తి చూపిస్తుంది.

వీపీఎన్, అంటే మీ నెట్ రాకపోకలను తన సర్వర్ల గుండా మళ్లించే సేవ, అడిగేవాళ్లకు: 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు 5 ఏళ్లు ఉంచాలి. అందుకే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటివి భారత్‌లో సర్వర్లు తీసేశాయి. వీపీఎన్‌తో మీ నమ్మకం నెట్ కంపెనీ నుంచి వీపీఎన్ కంపెనీకి మారుతుంది, అంతకుమించి కాదు. ఏ వీపీఎన్ లేకపోయినా, హెచ్‌టీటీపీఎస్ సైట్లలో (రాకపోకలకు తాళం వేసి పంపేవి) మీరు ఏ పేజీ చదివారో నెట్ కంపెనీకి కనపడదు, సైట్ పేరు వరకే తెలుస్తుంది.

ఇసుక తవ్వకాల మీదో, గనుల మీదో సమాచారం ఇచ్చేవాళ్లతో మాట్లాడే విలేకరికి నేను టోర్ బ్రౌజర్ ఒక్కటే చాలని చెప్పను. టెయిల్స్ చెబుతాను. అది పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లాప్‌టాప్‌లోని డిస్కును ముట్టుకోదు, అన్నీ ర్యామ్‌లోనే జరుగుతాయి, ఆపేటప్పుడు ర్యామ్‌ను తుడుస్తుంది. ప్రీఫెచ్, పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ వీటి గొడవే లేదు, ఎందుకంటే విండోస్ అసలు నిద్రలేవలేదు. వాడటం కొంచెం కష్టం, ఫోన్లలో నడవదు, ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి. సమాచారం ఇచ్చిన మనిషి ఉద్యోగమో ప్రాణమో ముడిపడి ఉన్నప్పుడు ఆ కష్టం పడాల్సిందే.

డబ్బు చేతులు మారే చోట ప్రైవేట్ విండో వద్దు

పైవన్నీ చదివాక అన్ని పనులకూ ప్రైవేట్ విండోనే వాడదామని అనిపించొచ్చు. అలా చేయకండి. పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతోనో, షేర్ల యాప్ పేరుతోనో, ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించో డబ్బు లాగేవాళ్లు మన జిల్లాల్లో ఇంటింటికీ చేరారు. అలాంటి మోసంలో చిక్కినప్పుడు, మీ బ్రౌజర్లో మిగిలిన జాడే మీకు సాక్ష్యం. ఏ చిరునామా తెరిచారు, ఏ రోజు, ఏ సమయంలో, ఏ లింకు నుంచి వచ్చారు అన్నది హిస్టరీ ఫైల్‌లో మైక్రోసెకను వరకు ఉంటుంది. ప్రైవేట్ విండోలో చేసి ఉంటే మీ చేతిలో ఉన్నది జ్ఞాపకం మాత్రమే. బ్యాంకు, షాపింగ్, ప్రభుత్వ ఫీజులు, కొత్తవాళ్లతో ఏ డబ్బు వ్యవహారమైనా మీ సొంత మెషీన్లో, మీ సొంత అకౌంట్లో, మామూలు విండోలో చేయండి. ఫైర్‌ఫాక్స్‌గానీ క్రోమ్‌గానీ ఇక్కడ తేడా లేదు.

మోసపోయాక చాలామంది సిగ్గుతో చాట్ తీసేస్తారు, హిస్టరీ తుడుస్తారు, ఫోన్ రీసెట్ చేసేస్తారు. మీ తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు. ఏమీ తుడవకండి. నేరం చేసినవాణ్ని తప్పించడానికి సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద నేరం. బాధితుడు తుడిచేస్తే అది నేరం కాకపోయినా, కేసు మాత్రం బలహీనపడుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ రికార్డు హాష్ విలువ, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. అందుకే ఫైల్‌ను మీరు తెరిచి సర్దకుండా, ఉన్నది ఉన్నట్టు అప్పగించడమే మేలు.

చేయాల్సింది ఇది. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోతుంది. ప్రైవేట్ విండో ఇంకా తెరిచే ఉంటే మూయకండి. పైన చిరునామా కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. యూపీఐ లావాదేవీ యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపును గుర్తించే నంబర్) రాసుకోండి. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి, ఆపకండి, హైబర్నేట్ కానివ్వకండి. ప్రైవేట్ విండోలో జరిగినది ర్యామ్‌లో ఉన్నంతసేపే దొరుకుతుంది కాబట్టి, దాన్ని అలాగే సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరకు చేర్చే దారి అడగండి.